లాంచీకి కిటికీలు పెట్టించిన ఏడు

రండమ్మా, గడప దగ్గరే నిలబడిపోయారేం, ఇలా చాప మీదికి జరగండి. కాళ్లు చాపుకోండి, నా దగ్గర మర్యాదలేం అక్కర్లేదు. చేతిలో పనుంటే అది కూడా తెచ్చుకోండి, చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటూ వినొచ్చు. నేను చెప్పబోయేది గొప్ప సంగతేమీ కాదు. ఒక పాత లాంచీకి గుడ్డ పరదాలు పీకేసి అద్దాల కిటికీలు బిగించిన సంగతి. అంతే. కాకపోతే బిగించమని ఇంట్లో పోరు పెట్టినదాన్ని నేను. ఇన్నేళ్లలో ఈ మాట ఎవరితోనూ పూర్తిగా చెప్పలేదు.

మొన్న మా మేనల్లుడు కొత్తగా కారు కొని, పొదిలి దగ్గర పెళ్లికి నన్నూ ఎక్కించుకుని వెళ్లాడు. దారి పొడుగునా మిరప కళ్లాలే. నేలంతా ఎర్ర దుప్పటి పరిచినట్టుంది, ఆడవాళ్లు తలకు గుడ్డలు చుట్టుకుని తాలు కాయలు ఏరుతున్నారు. కారులో అద్దాలన్నీ బిగించి చల్లగాలి పెట్టాడు. అంత దూరం వెళ్లినా నాకు ఒక్క తుమ్ము రాలేదు. మిరప కళ్లాల పక్కన పోతూ తుమ్మకపోవడం నా జన్మలో అదే మొదలు. “ఆ అద్దం కాస్త దించరా” అన్నాను. “ఎందుకత్తా, ఘాటు కొడుతుంది” అన్నాడు. కొట్టాలనే కదా నేననేది! మళ్లీ అడగలేదు. ఆ బిగించిన అద్దం వంక చూస్తూ కూర్చుంటే మా మామగారు గుర్తొచ్చారు. పెళ్లిలో ఏం తిన్నానో కూడా ఇప్పుడు గుర్తులేదు.

నేను కాపురానికి వచ్చింది కృష్ణ ఒడ్డుకు, గుంటూరు వైపు. ఇంటి వెనక నుంచి నలభై అడుగులు వేస్తే రేవు. మామగారికి సొంత లాంచీ ఉండేది, నడిపేది కూడా ఆయనే. లాంచీ నడిపేవాణ్ణి ఆ చుట్టుపక్కల సరంగు అంటారు. ఊళ్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు, అందరికీ సరంగుగారే. రోజుకు నాలుగు విడతలు అవతలి ఒడ్డుకు వెళ్లి రావాలి. మిరపకోతలు, పత్తి తీతలు వచ్చాయంటే అవతలి ఊళ్ల ఆడవాళ్లు అన్నం క్యారేజీలు పట్టుకుని, చంటిపిల్లల్ని చంకనేసుకుని తెల్లవారేసరికి లాంచీ నిండా ఉండేవారు. పాల క్యాన్లు, కోళ్ల గంపలు, బడికి వెళ్లే పంతుళ్లు, ఆదివారమైతే తెల్లచీరల్లో గుడికి వెళ్లే క్రైస్తవుల ఆడవాళ్లు. లాంచీ ముందు భాగంలో గెడ పట్టుకుని నిలబడి లోతు చూసే మనిషి ఏసోబు. మామగారి కంటే నాలుగేళ్లు చిన్న. గెడ నీళ్లలో దించడం, “రెండు బారలు! బారన్నర! నడుము లోతు!” అని అరవడం ఆయన పని. ఆ గొంతు రేవులో ఉన్న మాకు వినపడేది. అంత అరుపు దేనికా అనుకునేదాన్ని.

ఇంజను డీజిలు వాసన ఒక పక్క, పరదాల వాసన ఒక పక్క, ఈ రెండూ కలిస్తేనే ఆ లాంచీ. లాంచీకి రెండు వైపులా, ముందూ, దళసరి కాన్వాసు గుడ్డతో చుట్టి దించే పరదాలు ఉండేవి. వాటి సంరక్షణ మా అత్తగారిది. వానలు వెనకబట్టాక ఏటా వాటిని విప్పి పెరట్లో పరిచేది. తుమ్మచెక్క దంచి, పెద్ద డేగిసాలో రెండు రోజులు కాచి, ఆ కషాయంలో గుడ్డ ముంచి తీసేది. ఇటుక రంగు తిరిగేది గుడ్డ. ఎండాక అవిసెనూనెలో మైనం కరగబెట్టి, కొబ్బరిపీచుతో రుద్దీ రుద్దీ పట్టించేది. అప్పుడిక చుక్క నీరు దిగదు. చిరిగినచోట దబ్బనం పట్టుకుని మాసికలు వేసేది. “ఇది నీ మొగుడు బడి ఎగ్గొట్టి లాంచీ ఎక్కి, కొడవలితో కోసిన చోటు” అని ఒక మాసిక చూపించేది. “ఇది తుఫానుకు పోయింది. ఇదుగో ఇది మీ మామ చుట్ట.” ఆవిడ చేతులకు ఆ తుమ్మరంగు ఎప్పుడూ పోయేది కాదు. వడ్డిస్తుంటే అన్నం గరిటె పట్టుకున్న వేళ్లు ఇటుక రంగులో ఉండేవి. కొత్తకోడల్ని, నాకది రోతగా ఉండేదంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

లాంచీ కదిలిందంటే అత్తగారు అందులో ఉండాల్సిందే. చుక్కాని చక్రం పక్కన పీట వేసుకుని కూర్చునేది. పొద్దున తూర్పు పరదా దించి పడమటిది చుట్టేది, సాయంత్రం అది మార్చేది, చినుకు పడితే అన్నీ దించేది. ఆ పని చేస్తున్నంతసేపూ నోరు మూతపడేది కాదు. “ఇదుగో, చాకిరేవులో ఇవాళ ఒక్కరూ లేరు. అబ్బో, కొంగలు చూడు, బారులు తీరి నిలబడ్డాయి ఎడంపక్క, మోకాలి లోతు కూడా లేదల్లే ఉంది. పడవ వస్తోంది ఎదురు, గొర్రెల్ని ఎక్కించారు పాపం.” ఇలా ఒడ్డు నుంచి ఒడ్డుదాకా. ఎక్కినవాళ్లు నవ్వుకునేవారు. “సరంగుగారూ, మీకు చెవులు ఎట్లా నిలిచాయండీ ఇన్నాళ్లు?” అని ఒక పంతులుగారు అంటే, “చెవులే కదండీ నన్ను నిలబెట్టింది” అన్నారు మామగారు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

మామగారికి ఇంకో విషయంలో కూడా పేరుండేది. మాఘమాసంలో కృష్ణ మీద మంచు దిగితే మూరెడు దూరం కనపడదు. పై రేవు లాంచీవాళ్లు ఎండ వచ్చేదాకా కట్టేసుకునేవారు. మా లాంచీ మాత్రం టైముకు కదిలేది. “మిరప ఘాటు ముక్కుకు తగిలిందంటే మన ఒడ్డు, చర్చి గంట కుడిచెవిలో పడిందంటే అవతలి ఒడ్డు, ఇంకేం కావాలి?” అనేవారు. అది గొప్పలు చెప్పుకోవడం అనుకునేదాన్ని. నిజమే చెబుతున్నారని ఎవరికి తెలుసు!

నాకు అమ్మాయి పుట్టి, మూడో నెలలో పుట్టింటి నుంచి తీసుకొస్తున్నారు. కార్తీకమాసం తుఫాను వాన. నది మధ్యలో గాలి తిరిగి, ముందు పరదా తాడు తెగి టపటపా కొట్టుకుంది. అత్తగారు దాన్ని ఒళ్లో పట్టుకుని కూర్చునేలోపు నేనూ పిల్లా నిలువునా తడిశాం. పిల్లకు జ్వరం వచ్చి వారం రోజులు పాలు తాగలేదు. అక్కణ్ణుంచి మొదలుపెట్టాను. పై రేవు లాంచీకి అద్దాల కిటికీలు ఉన్నాయి, దాంట్లో ఎక్కితే బస్సులో కూర్చున్నట్టుంటుందట, జనమంతా అటే పోతున్నారట. పొద్దున ఒకసారి, అన్నాల దగ్గర ఒకసారి, మా ఆయన చెవిలో ఇదే. అత్తగారు ఒకరోజు “ఈ ఏడే కదరా కషాయం పట్టించింది, పరదాలకేం వచ్చింది?” అంది. నేను వంటింట్లోంచి, ఆవిడకు వినపడాలనే, “ఆవిడకి ఆ దబ్బనం మీదున్న ప్రేమ మనవరాలి మీద లేదు” అన్నాను. ఆవిడ పిల్లను ఎత్తుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

మామగారు మాత్రం గట్టిగానే పట్టుబట్టారు. “గాలాడదురా” అన్నారు. “కిటికీ తెరుచుకుంటే గాలి రాదా నాన్నా?” అన్నాడు మా ఆయన. “తెరిచిన కిటికీ వేరు, ఎత్తిన పరదా వేరు.” “ఏంటి వేరు? చెప్పు.” ఆయన చుట్ట వెలిగించుకుని నది వైపు తిరిగి కూర్చున్నారు. ముసలివాళ్ల మంకుపట్టు అనుకున్నాం. ఆ రోజు ఆయన నోరు విప్పి ఉంటే, లేదా మాలో ఒక్కరికైనా ఎందుకో అడగాలని తట్టి ఉంటే!

పక్క ఊళ్లో పాత మేడ కూలగొడుతుంటే టేకు కిటికీలు ఎనిమిది దొరికాయి, గాజు పలకలతో సహా. వడ్రంగి బ్రహ్మయ్య వాటిని చూసి, “ఇల్లు కట్టమంటే కడతాను గానీ, నీళ్ల మీద మేడ కట్టమంటావేంటయ్యా?” అని ఒకటే నవ్వు. అయినా సంక్రాంతి వెళ్లిన పది రోజులకు పని ముగించాడు. పక్కలకు చెక్క పలకలు, మధ్యలో కిటికీలు, చుక్కాని ముందు పెద్ద అద్దం, ఇరుపక్కలా చెరొక కిటికీ. పసుపు రాసి, బంతిపూల దండ కట్టి, కొబ్బరికాయ కొట్టాం. ఎక్కినవాళ్లంతా అద్దాల మీద వేళ్లతో తట్టి చూసుకుని మురిసిపోయారు. “ఎంత బాగుందమ్మా, మీ కోడలి పుణ్యం” అన్నారు. నాకు భూమ్మీద కాళ్లు ఆనలేదు.

అప్పుడు అత్తగారు పీట చంకన పెట్టుకుని ఎప్పట్లాగే ఒడ్డు నుంచి లాంచీకి వేసిన బల్ల మీదికి వస్తోంది. నేను ఎదురెళ్లి పీట అందుకున్నాను. “ఇంక మీరెందుకత్తయ్యా? చుట్టడానికి పరదాల్లేవు, దించడానికి పరదాల్లేవు. మోకాళ్ల నొప్పులతో రోజుకు నాలుగు విడతలేంటి, హాయిగా ఇంటిపట్టున మనవరాలితో ఆడుకోండి” అన్నాను. మంచికే అన్నానమ్మా. ఆవిడకు విశ్రాంతి ఇస్తున్నాననే అనుకున్నాను. ఎక్కినవాళ్లంతా “నిజమేగా, ఎన్నాళ్లు కష్టపడుతుంది” అన్నారు. ఆవిడ నా మొహం చూడలేదు. చుక్కాని దగ్గర కూర్చున్న ఆయన వంక చూసింది. “అలవాటైపోయిందే అమ్మాయ్, ఊరికే కూర్చుంటాను” అంది. మా ఆయన విసుక్కున్నాడు, “నీ మాటలు పడలేకే సగం మంది పై రేవుకు పోతున్నారమ్మా.” మామగారు, “వద్దులేవే, ఇంటి దగ్గరుండు. నేను చూసుకుంటాను” అన్నారు. చూసుకుంటాను అన్నారు చూడండీ! ఆ మాట ఆయన ఎంత కష్టపడి అన్నారో.

ఆ మర్నాటి నుంచి అత్తగారు రేవు మెట్ల మీద నిలబడేది. లాంచీ కనుచూపు దాటేదాకా నిలబడి, తిరిగొచ్చే టైముకు మళ్లీ వెళ్లి నిలబడేది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా ఆవిడ అక్కడే. “కొత్తపెళ్లికూతురు కూడా ఇంత ఎదురుచూడదు” అని నేను వేళాకోళం చేశాను. లాంచీలో మామగారేమో తన పక్కనున్న రెండు కిటికీలూ బార్లా తెరిచి పెట్టేవారు. మంచుగాలికి ఎక్కినవాళ్లు వణికిపోయేవారు. “అద్దాలు పెట్టించుకుని తెరిచి ఉంచడమేంటి సరంగుగారూ, ఆ తలుపు వెయ్యండి” అంటే, ఒకటి వేసి ఒకటి ఉంచేవారు. ఒక్క కిటికీలోంచి మెడ బయటికి పెట్టి నడిపేవారట. వయసు మీదపడింది, చాదస్తం వచ్చిందని అనుకున్నారు. ఇలా పదిహేను రోజులు గడిచింది.

ఆ రోజు పొద్దున పిల్లకు దగ్గు ఎక్కువైతే అవతలి ఊళ్లో డాక్టరు దగ్గరికి బయల్దేరాను. మంచు పాలలాగా దిగింది. నేను పిల్లతో మామగారి పక్కనే, అత్తగారు పీట వేసుకునే చోట కూర్చున్నాను. ఆయన పక్క కిటికీ తెరిచి ఉంది, చలిగాలి నేరుగా పిల్ల మొహానికి. ఖళ్లుఖళ్లుమని దగ్గుతోంది. నేను లేచి తలుపు మూశాను.

“అమ్మాయ్, ఆ ఒక్కటీ ఉండనీ” అన్నారు మామగారు.

“పిల్లకి దగ్గండీ మామయ్యగారూ. చూడండి ఎట్లా ఎగపోస్తోందో.”

ఆయన నా వైపు తిరిగారు. పిల్ల వైపు చెయ్యి చాపితే, చెయ్యి పిల్ల తల మీద కాక నా భుజం మీద పడింది. సర్దుకుని తల నిమిరారు. “సరేనమ్మా, వెయ్యి” అన్నారు. నేను గడియ పెట్టాను. నా చేత్తో నేనే.

లోపల ఇంజను మోత చెక్కలకు తగిలి రెట్టింపైంది. అద్దాల మీద మా ఊపిరి ఆవిరి పట్టింది. కాసేపటికి బయట మంచు కాస్త పలచబడి, ఎదుటి అద్దంలోంచి ఏసోబు వెనక్కి తిరిగి చేతులు ఊపుతున్నట్టు మసక మసగ్గా కనిపించింది. నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. ఒక్క మాట లోపలికి రావడం లేదు. ఏదో పలకరింపు అనుకున్నాను. ఈలోపే లాంచీ గుండె అదిరినట్టు అదిరింది. వెనకవాళ్లు ముందుకొచ్చి పడ్డారు, పాల క్యాన్లు దొర్లాయి, నా పక్క అద్దం నిలువునా పగిలింది. ఇసుక మేట ఎక్కేశాం. గెడ పట్టుకుని ముందు నిలబడ్డ ఏసోబు మొల లోతు నీళ్లలో పడ్డాడు, కుడి ముంజేయి లాంచీకీ గెడకీ మధ్య నలిగింది.

ఏసోబును పైకి లాగుతూ ఒకాయన అరిచాడు, “ఆ మేట మీద కొంగలు ఇంతింత నిలబడున్నాయి! మడిసి చేతులు ఊపుతున్నాడు! కళ్లు మూసుకుని నడుపుతున్నావా ముసలోడా?”

మామగారు చక్రం వదల్లేదు. నెమ్మదిగా అన్నారు, “తెరిచే ఉన్నా నాయనా. కనపట్టల్లేదు. రెండేళ్లయింది.”

లాంచీలో పిల్ల ఒక్కతే ఏడుస్తోంది. ఏసోబు విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, పళ్లు బిగబట్టి, “నాకు తెలుసు” అన్నాడు. “అందుకేగా అరిసి సెప్పేది. సూపున్నోడికి అంత అరుపు దేనికి?”

అప్పుడు నాకు అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. అత్తగారి పీట, ఆ వదరుబోతుతనం, కొంగలు, చాకిరేవు, ఎదురొచ్చే పడవలు. ఆవిడ కబుర్లు చెప్పలేదమ్మా, దారి చెప్పింది. పరదాలు చుట్టే పని ఆవిడకు ఆ పీట మీద కూర్చోవడానికి ఒక సాకు. ఆ సాకు నేను ఊడబీకాను, మనిషిని దించేశాను, చివరికి మిగిలిన ఆ ఒక్క కిటికీకీ గడియ పెట్టాను.

ఇంటికొచ్చాక మా ఆయన తల్లి మీద ఇంతెత్తున లేచాడు. “రెండేళ్లు దాస్తారా? ఇంతమంది ప్రాణాలతో ఆటలా? నాకెందుకు చెప్పలేదు?” ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుని, “చెబితే ఏం చేస్తావురా? దింపేస్తావు. ఆ చక్రం లేకపోతే ఆయన బతుకుతాడా?” అంది. మా ఆయన కోపం తప్పని నేను అనను. చూపు లేకుండా జనాన్ని ఎక్కించుకోవడం తప్పే, ఆ మాట ఎవరి ముందైనా అంటాను. ఏసోబు చెయ్యి వంకరగా అతుక్కుంది, మళ్లీ గెడ పట్టలేకపోయాడు. ఆయన ముందు నేను ఈనాటికీ తలెత్తలేను. మామగారికి చూపు పోతున్న సంగతి ఎలాగూ బయటపడాల్సిందే. కానీ ఇంట్లో, మెల్లగా, ఆయన మాట ఆయనే చెప్పుకునేట్టు బయటపడొచ్చుగా? అంతమందిలో, ముసలోడా అనిపించుకుని, నా చంటిపిల్ల దగ్గు కోసం తలవంచి. అదమ్మా నన్ను తినేసేది.

ఎండాకాలంలో బళ్లో కళ్లకు ఉచితంగా ఆపరేషన్లు చేసే శిబిరం పెడితే తీసుకెళ్లాం. శుక్లాలు తీశారు. కట్టు విప్పి, సోడాబుడ్డి అద్దాలు పెట్టిన రోజు ఆయన మొదట చూసింది అత్తగారి మొహాన్నే. “ఏంటే, ఇంత ముసలిదానివైపోయావు?” అన్నారు. “నువ్వు చూడకపోతే ఎవరి కోసం పడుచుగా ఉండమంటావ్?” అంది ఆవిడ. శిబిరంలో వాళ్లంతా నవ్వారు. ఆ రోజు ఒక్కటే నాకు ఆ కథలో మిగిలిన మంచిరోజు.

చూపు వచ్చాక మా ఆయనే వెళ్లి బతిమాలాడు, “రా నాన్నా, చక్రం పట్టు, నేను పక్కన కూర్చుంటాను” అని. ఆయన రాలేదు. రేవుదాకా వెళ్లి, లాంచీలో అటూ ఇటూ తిరిగి, కిటికీ చెక్క మీద అరచెయ్యి ఆనించి నిలబడేవారు. “ఇది నాకు తెలిసిన లాంచీ కాదురా” అని తిరిగొచ్చేవారు. ఆ చలికాలం నేను మా ఆయనతో పోట్లాడి కిటికీలు తీయించి మళ్లీ పరదాలు కట్టిద్దామన్నాను. పరదాలెక్కడున్నాయి? అటక మీద చోటు లేదని నేనే మిరపకాయలు ఆరబోయడానికి కళ్లంలోకి ఇచ్చేశాను. అవి అప్పటికే ఎండకు, కారానికి చివికి, పట్టుకుంటే చేతిలోకి ఊడొచ్చాయి. కొత్త గుడ్డ తెస్తానన్నాను. అత్తగారు తన చేతులు చూపించింది. వేళ్ల రంగు పోయి తెల్లగా, నున్నగా ఉన్నాయి. “ఇవింక వంగవే అమ్మాయ్” అంది.

ఆపైన రోడ్డు పడింది, బస్సులొచ్చాయి, లాంచీ అమ్మేశాం. ఇప్పుడు మా ఇంట్లో దేనికీ లోటు లేదు. గాలి కావాలంటే మీట నొక్కడం, వద్దంటే నొక్కడం. వానకు తడిసేవాళ్లు లేరు, పిల్లలకు జలుబు తక్కువే. అప్పుడు తడిశాం, వణికాం, తుమ్మాం, చిరాకుపడ్డాం. కానీ గుడ్డకు అటుపక్క నదిలో ఏం జరుగుతుందో లాంచీలో అందరికీ తెలిసేది, ఇటుపక్క మనిషికి ఏం కావాలో పక్కనున్న మనిషికి తెలిసేది. అదొక్కటీ నేనెక్కడా మళ్లీ చూడలేదు. అత్తగారు పోయేదాకా పదేళ్లు నాతోనే ఉంది. ఏ రోజూ నన్ను ఒక్క మాట అనలేదు. దబ్బనం మీద ప్రేమ అన్న మాట ఎత్తిపొడవలేదు, పీట లాక్కున్నావని అనలేదు. నేను అన్నం పెడితే తిన్నది, తల దువ్వితే కూర్చుంది. తప్పయిందత్తయ్యా అని చాలాసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఆవిడ నన్ను ఓదార్చాల్సి వస్తుంది, అదీ భరించలేననిపించి మింగేశాను. ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేదమ్మా. గట్టిగా, నలుగురూ వినేట్టు.

సరే, పొద్దెక్కింది, మీకూ పొయ్యిలున్నాయి. వెళ్లి రండి. మీ ఇల్లు పది కాలాలు కళకళలాడాలి, పిల్లలు దగ్గూ జలుబూ లేకుండా పెరగాలి, ముసలివాళ్లకు మీ పంచన చేతినిండా ఏదో ఒక పని ఉండాలి. వాళ్లను “ఇంక మీరెందుకు” అనే బుద్ధి మీ గడప తొక్కకూడదు. ఒకవేళ నోరు జారినా, క్షమించమని అడిగే నాటికి వాళ్లు మీ ఎదురుగానే ఉండాలి. ఇదే నా దీవెన తల్లీ.